హైదరాబాదు క్లోరోఫారం సంఘం

మత్తుమందు ఇచ్చిన రోగి శస్త్రచికిత్స బల్లమీదనే మరణిస్తే, ముందుగా ఆగినది ఊపిరియా, గుండెయా? పందొమ్మిదవ శతాబ్దంలో వైద్యలోకం ఈ ప్రశ్నపై రెండుగా చీలిపోయినది. ఆ తగవు తీర్చడానికి పూనుకొన్న నగరం మన హైదరాబాదు.

1847 నవంబరులో ఎడింబరో నగరంలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చినాడు. మూడు నెలలైనా నిండకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి కొద్దిపాటి మందుకే ప్రాణం విడిచినది. అటువంటి మరణాలు మరికొన్ని జరిగినవి. నాడిని కనిపెట్టి ఉండవలెనని లండను వైద్యులు, ఊపిరిని కనిపెట్టవలెనని ఎడింబరో వారు పట్టుబట్టినారు.

ఎడింబరో ఆచార్యుడు సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, వైద్య పాఠశాల అధిపతిగాను ఉండేవాడు. షాద్‌నగర్ మొదలైన ఊళ్ళనుండి ఉస్మానియా ఆసుపత్రికి వెళ్ళివచ్చిన శ్రోతలు అనేకులు ఉంటారు. దాని పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రియే లారీ కార్యక్షేత్రం. 1908 నాటి మూసీ వరద దానిని పొట్టన పెట్టుకొన్నది.

1888లో లారీ పూనికతో ఏర్పడిన మొదటి సంఘం కుక్కలపై ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది ఊపిరియే అని తేల్చినది. లండనులోని లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వేయి పౌండ్లు ఇచ్చి, మీ ప్రతినిధినే పంపండి, కన్నులారా చూడనివ్వండి అన్నది! 1889 అక్టోబరులో లాడర్ బ్రంటన్ వచ్చినాడు. ఆయన గుండె పక్షం మనిషి. కుక్కలు, కోతులు, మేకలు, గుఱ్ఱాలు మొదలైన దాదాపు ఆరువందల జంతువులపై ప్రయోగాలు నడిచినవి. ఆ మూగజీవుల లెక్క తలచుకొంటే నేడు మనస్సు కలుక్కుమంటుంది. ఊపిరి ముందు ఆగినది, గుండె తరువాత ఆగినది. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొన్నాడు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇచ్చుటలో ఆరితేరి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరు పొందినది.

ఫలితమైతే తేలినది, కారణం తేలవలెనంటే నాడీకణాన్ని ఎరిగి ఉండవలెను. చిత్రమేమంటే, అదే 1889 అక్టోబరులో బెర్లిన్‌లో కహాల్ అనే స్పెయిన్ శాస్త్రజ్ఞుడు తన సూక్ష్మదర్శిని పలకలను పండితులకు చూపుతున్నాడు. నాడీమండలం తెగని వల కాదనీ, విడివిడి కణాల సమూహమనీ ఆయన సిద్ధాంతం. ఈ కణం విశ్రాంతిలో ఉండగా దాని లోపలి విద్యుత్తు వెలుపలికంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. ప్రేరణ తగలగానే సోడియం లోపలికి దూకుతుంది; ఆ మార్పు పొడవైన తంతువు వెంట పరుగెత్తుతుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు దీనిని గణితంతో సహా వివరించినారు. తంతువు చివర ఒక రసాయనం సన్నని ఎడమును దాటి తరువాతి కణానికి వార్త అందిస్తుంది.

ఊపిరితిత్తులకు స్వంత లయ లేదు. మెదడు అడుగున మజ్జాముఖంలోని నాడీకణాలు ప్రతి శ్వాసకూ ఆజ్ఞ పంపవలసినదే. గుండె అట్లు కాదు. దాని లయ దానిలోనే పుడుతుంది, నాడులు వేగాన్ని హెచ్చించి తగ్గిస్తాయి, అంతే. క్లోరోఫారం నాడీకణాలలోని కొన్ని పొటాసియం ద్వారాలను తెరచి, వాటిని తేలికగా ఉలికిపడకుండా చేస్తుంది. మోతాదు మించితే శ్వాసకణాలు మూగబోతాయి. గుండె మరికొంతసేపు కొట్టుకొంటుంది. అంతవరకు హైదరాబాదు చెప్పినది నిజమే.

కాని లారీ అక్కడ ఆగలేదు. క్లోరోఫారం గుండెను నేరుగా ఎన్నటికీ చంపదని ఘంటాపథంగా చాటినాడు. ఇది నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, మత్తు పలుచగా ఉన్నపుడు రక్తంలో అడ్రినలిన్ హెచ్చితే గుండె లయ తప్పి గిలగిలలాడి ఆగిపోతుందని నిరూపించినాడు. భయపడిన మనిషిలో సహానుభూత నాడులు ఆ అడ్రినలిన్‌నే విడుదల చేయిస్తాయి. మోతాదు మించిన మత్తుపై చూపు నిలిపిన ప్రయోగాలకు ఈ మరణం అందలేదు. హానా గ్రీనర్ ఆనాడు బెదరి ఏడుస్తూ కుర్చీలో కూర్చున్నది. ఆమె పీల్చినది స్వల్పం.