అనంతపురం పీఠభూమిలో తెలుగు అక్షరాభ్యాసం – కంప్యూటర్: కొత్తచెరువు ప్రాంతం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

భాషాబోధనలో కంప్యూటర్ వల్ల కలిగే లాభనష్టాల చర్చ తరచు యంత్రం దగ్గరే మొదలై యంత్రం దగ్గరే ముగుస్తుంది. యంత్రం రాకముందు అదే ప్రాంతంలో పిల్లవాడు అక్షరాన్ని దేనిమీద, ఏ వరుసలో నేర్చుకున్నాడు, ఆ పద్ధతి అతనికి ఏమిచ్చింది, ఏమివ్వలేకపోయింది అన్నది తెలియకుండా కొత్త సాధనాన్ని తూచలేం. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువు, దాని పొరుగున ఉన్న బుక్కపట్నం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల ఆధారం ఒకటి మనకు ఉంది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు ఈ సీమ బళ్ళారి జిల్లాలో భాగం. ఆ బళ్ళారి జిల్లా బడులను గురించి 1823 నాటి సవివరమైన నివేదిక లభిస్తున్నది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్ 25న దేశీయ విద్య స్థితిగతులను తెలపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న సమాధానం పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రచురించిన క్యాంప్‌బెల్ ఇతడే. ద్రావిడ భాషల సంబంధాన్ని నిరూపించిన ఎల్లిస్ వ్యాసం ఆ వ్యాకరణంలోనే వెలువడింది. కనుక ఈ నివేదికను రాసినవాడు లెక్కలు మాత్రమే తెలిసిన అధికారి కాడు, భాష తెలిసినవాడు. ధరంపాల్ 1983లో ప్రచురించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' సంకలనం ద్వారా ఈ నివేదిక పరిశోధకులకు సులభంగా అందుబాటులోకి వచ్చింది.

నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857, బడులు 533, విద్యార్థులు 6,641. అందులో బాలికలు 60 మంది మాత్రమే. బడుల్లో కన్నడానివి 235, తెలుగువి 226. మిగిలినవి సంస్కృతం, మరాఠీ, పారశీకం, తమిళం బోధించేవి. ఇంగ్లీషు బడి ఒక్కటే. తెలుగు, కన్నడ బడులు దాదాపు సమానంగా ఉండడం గమనార్హం. ఈ సరిహద్దు సీమలో రెండు లిపులు పక్కపక్కనే బతికాయని దీనివల్ల విదితమవుతున్నది. ఈ విషయం ముందు మళ్ళీ అవసరపడుతుంది.

క్యాంప్‌బెల్ వర్ణించిన అక్షరాభ్యాస క్రమంలో ప్రధానాంశం ఇది: పిల్లవాడు అక్షరాన్ని మొదట పలకడం ద్వారా కాక, ఇసుకలో వేలితో రాయడం ద్వారా నేర్చుకుంటాడు. ఆ తరువాత తాటాకు మీద గంటం, కాగితం మీద కలం వస్తాయి. గంజి, బొగ్గుపొడి పట్టించి మడతలు పెట్టిన గుడ్డ 'కడత' కూడా వాడుకలో ఉండేది. దానిమీద బలపంతో రాసి, తుడిచి, మళ్ళీ రాసేవారు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పేవారు. మద్రాసులో ఆండ్రూ బెల్ చూసి ఇంగ్లండుకు తీసుకుపోయిన పద్ధతి ఇదే. ఉదయం బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండవవాడికి సున్న చుట్టేవారు, మూడవవాడి నుండి దెబ్బలు మొదలై వరుసగా పెరిగేవి. నేటి భాషాభ్యాస ఆప్‌లలో కనిపించే నక్షత్రాలు, మార్కుల వరుసలు చూసినప్పుడు ఈ అరచేతి సున్న గుర్తుకు రాక మానదు.

అయితే క్యాంప్‌బెల్ మెచ్చుకోలు అక్కడితో ఆగుతుంది. బడిలో చదివే పుస్తకాలు పద్యాలలో ఉన్నాయి; ఆ భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష, లెక్కలు రాసుకునే భాష వేరు. పిల్లలు వందల పద్యాలు తప్పు లేకుండా అప్పగిస్తారు గాని, నేర్పిన చిలుకకు తెలిసినంత అర్థమే వారికీ తెలుసునని అతని తీర్పు. వలస పాలకుడి చూపులోని పక్షపాతాన్ని తీసివేసినా ఈ విమర్శలో నిజం మిగులుతుంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమంలో తొమ్మిది దశాబ్దాల తరువాత పోరాడింది ఈ దూరం మీదనే. ఆ బడి చేతికి అక్షరాన్ని ఇచ్చింది, అర్థాన్ని ఇవ్వలేకపోయింది. కంప్యూటర్‌ను తూచవలసిన త్రాసు కూడా ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

భారతీయ పాఠశాలల్లోకి కంప్యూటర్ ప్రవేశం 1984లో 'క్లాస్' ప్రయోగంతో మొదలైంది. 250 పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రాలు అందాయి. అది ప్రధానంగా ఇంగ్లీషు యంత్రం. భారతీయ లిపులకు కాన్పూరు ఐఐటీలో మొదలై పుణె సీ-డాక్‌లో పరిణతి చెందిన జిస్ట్ సాంకేతికత, 1991 నాటి ఇస్కీ ప్రమాణం, అదే ఏడాది యూనికోడ్‌లో తెలుగుకు దక్కిన స్థానం దారి వేశాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ 'గౌతమి' ఖతితో రావడంతో సామాన్య వాడుకరికి తెలుగు తెర మీద నిలిచింది. కాని ఈలోగా అచ్చు రంగమంతా డీటీపీ ఖతుల చేతిలోకి పోయింది. వాటిలో తలకట్టు, కొమ్ము, ఒత్తు విడివిడి బొమ్మలు. అలా కూర్చిన పుటలో కంటికి తెలుగు కనిపిస్తుంది గాని, యంత్రానికి అది తెలుగు కాదు. అందులో పదాన్ని వెతకలేం, నిఘంటువుతో జతచేయలేం. తెలుగు పాఠాల డిజిటలీకరణ ఆలస్యం కావడానికి నిధుల లేమి కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మరొక దారి ప్రవాసాంధ్రుల నుండి వచ్చింది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రోమన్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. 2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఆ దారిని అంతర్జాలంలో సుగమం చేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఎదుగుదలకు ఇటువంటి సాధనాలు చేసిన సేవ తక్కువది కాదు. అయితే వీటిని తయారుచేసినవారు, మొదట వాడినవారు పలక మీద తెలుగు నేర్చుకొని, ఆపై ఇంగ్లీషు కీబోర్డు ముందు కూర్చున్న పెద్దలు. వారికి అది అనువాద సౌకర్యం వంటిది. అదే పద్ధతి నేడు ఫోను ద్వారా అక్షరాలు ఇంకా కుదురుకోని పిల్లల చేతికి చేరింది.

ఇక్కడ జరుగుతున్న మార్పు చిన్నది కాదు. 'త' రాయడానికి పిల్లవాడు ముందు ఇంగ్లీషు 'టి'ని తలచుకోవాలి. ఆర్‌టీఎస్‌లో త-ట, న-ణ, ల-ళ భేదాలు చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాగా మారుతాయి. ఒకే హల్లు అయిన 'ఖ' రెండు రోమన్ అక్షరాల కూర్పు అవుతుంది. ఉచ్చారణ స్థానాలను బట్టి ఏర్పడిన వర్ణమాల క్రమం పిల్లవాడి దృష్టి నుండి తొలగిపోతుంది. ఇందుకు భిన్నంగా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింత గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. క, ఖలు ఒకే మీట మీద, గ, ఘలు మరో మీట మీద ఉంటాయి. 'అమ్మ' అని రాయడానికి అ, మ, పొల్లు, మ అనే నాలుగు మీటలు వరుసగా నొక్కాలి. పలక మీద మకారం కింద పెట్టే ఒత్తు నిజానికి రెండో మకారమేనని, మొదటి మకారం అచ్చును కోల్పోయిందని పిల్లవాడి వేళ్ళకే తెలుస్తుంది. సంయుక్తాక్షర స్వరూపాన్ని ఇంత సూటిగా చూపే సాధనం ఇసుక బడిలో లేదు. పైగా అన్ని భారతీయ లిపులకూ మీటల స్థానాలు ఉమ్మడి కనుక, ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు ఉన్న మడకశిర పిల్లవాడు ఒకసారి నేర్చిన వేళ్ళతోనే రెండు లిపులూ రాయగలడు. 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు ఉన్న సీమకు ఇంతకంటె తగిన అమరిక ఊహించలేం. అయినా బడుల్లో దీన్ని క్రమంగా నేర్పే ఏర్పాటు కానరాదు.

అలాగని మీటలు ఇసుకకు ప్రత్యామ్నాయం కావు. ఫ్రాన్సులో మూడు నుండి ఐదేళ్ళ పిల్లలు 76 మందిపై లాంగ్‌కాంప్ బృందం జరిపి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కీబోర్డు మీద అక్షరాలు నేర్చినవారి కంటే చేతితో రాసి నేర్చినవారు, ముఖ్యంగా వారిలో పెద్దవారు, అక్షరాలను మెరుగ్గా గుర్తుపట్టారు. ద, ధ, థలు చిన్న గీతతో, చుక్కతో వేరయ్యే మన లిపికి ఈ ఫలితం మరింత వర్తిస్తుందని భావించవచ్చు.

అర్థం సంగతికి వస్తే, రెండు భారతీయ అధ్యయనాలు ఆలోచింపజేస్తాయి. వడోదరలో 2002–04 మధ్య నాలుగో తరగతి పిల్లలకు గణితపు ఆటలతో కంప్యూటర్ బోధన జరిపినప్పుడు గణితంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించింది, భాషలో ఏమీ కనిపించలేదు. యంత్రం ముందు కూర్చున్నంత మాత్రాన భాష రాదని దీనివల్ల తేలుతుంది. ఢిల్లీలో 2015లో జరిగిన మరో అధ్యయనంలో, పిల్లవాడి తరగతిని బట్టి కాక అతని వాస్తవ స్థాయిని బట్టి పాఠాన్ని మార్చే కార్యక్రమం నాలుగున్నర నెలల్లో హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేరకు వృద్ధి చూపింది. అక్కడ సాఫ్ట్‌వేర్‌తో పాటు చిన్న బృందాలకు బోధకుడు కూడా ఉన్నాడు. ఇసుక బడిలో పెద్ద పిల్లవాడు చిన్నవాడి స్థాయిని కనిపెట్టి చెప్పిన పనికి ఇది దగ్గరగా ఉంది.

మరి తెలుగు పాఠాన్ని యంత్రం ఏ తెలుగులో చెబుతుంది? కొత్తచెరువు పిల్లవాడి ఇంట్లో నాన్న 'వస్తాండాడు', పొలంలో గొర్రు, గుంటక ఉన్నాయి, పళ్ళెంలో సంగటి, ఊరిబిండి ఉన్నాయి. ఫోను సూచించే పదాలు ప్రధానంగా పత్రికల భాష నుండి, అంతర్జాల రచనల నుండి వచ్చినవి. ఇంటి మాటను తప్పుగా చూపి, మరో మాటను ముందుకు తోసే యంత్రం 1823 నాటి పద్యాల దూరాన్నే మరో రూపంలో తెస్తున్నది. అప్పుడు కనీసం గురువు కూడా అదే ఊరి మాట మాట్లాడేవాడు.

ఈ దూరాన్ని తగ్గించడానికి అవసరమైన పునాది మనకు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. నాడు పరిశోధకులు ఊరూరా తిరిగి చీటీల మీద చేసిన పనిని నేడు ఒక పాఠశాల తన ఊరిలోనే చేయగలదు. కంప్యూటర్‌కు తగిన భాషా పాఠం బహుశా ఇదే. కొత్తచెరువుకు సమీపంలోని బుక్కపట్నంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. అక్కడ తయారయ్యే ఉపాధ్యాయులు ఒకటి రెండు తరగతుల్లో అక్షరాలను చేతిరాతకే వదలి, గుణింతాలు, ఒత్తులు కుదిరాక మూడో తరగతి నుండి ఇన్‌స్క్రిప్ట్ నేర్పవచ్చు. పిల్లలు తాతల గొంతులో సేద్యపు మాటలను రికార్డు చేసి, తామే యూనికోడ్‌లో అర్థాలు రాయవచ్చు. ఆ పదాల పట్టీలో మొదట చేరవలసినవి కపిల, గొర్రు, గుంటక. కపిల తోలిన చేతులు ఇప్పటికే చాలా తక్కువ మిగిలాయి.