సర్కారు బకాయి, కాలేజీ పద్దు: తెలుగు రాష్ట్రాల ప్రైవేటు ఇంజనీరింగ్ విద్య ఆదాయ వ్యయాలు

2025 నవంబరు 3న తెలంగాణలో ప్రైవేటు ఇంజనీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ, డిగ్రీ కాలేజీలు బంద్ మొదలుపెట్టాయి. పిలుపు ఇచ్చింది విద్యార్థి సంఘాలు కాదు, అధ్యాపకులూ కాదు, సాక్షాత్తూ యాజమాన్యాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లిస్తే తప్ప తరగతులు నడపలేమన్నది వాళ్ల మాట. ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్కతో చర్చలు జరిగి, కొంత మొత్తం విడుదలకు హామీ దొరికాక బంద్ విరమించారు. బాకీ మాత్రం పూర్తిగా తీరలేదు.

ప్రైవేటు కాలేజీ అనగానే అది విద్యార్థి జేబు మీద బతుకుతుందని అనుకుంటాం. తెలుగు రాష్ట్రాల్లో చాలా కాలేజీల విషయంలో ఇది సగం నిజమే. సీటు నింపేది ప్రభుత్వ కౌన్సెలింగ్ కన్వీనర్, ఫీజు నిర్ణయించేది ప్రభుత్వ కమిటీ, ఆ ఫీజులో పెద్ద వాటా కట్టేది ఖజానా. యాజమాన్యం చేతిలో మిగిలేది ఖర్చు ఒక్కటే. అందుకే ఈ కాలేజీని బజారులో దుకాణంగానో ధర్మ సంస్థగానో చూస్తే లెక్క కుదరదు. రోడ్డు వేసి బిల్లు కోసం సచివాలయం చుట్టూ తిరిగే కాంట్రాక్టరుగా చూస్తే కుదురుతుంది. చదువు నాణ్యత మొదలుకొని అధ్యాపకుడి జీతం, విద్యార్థి సర్టిఫికెట్ల దాకా చాలా సంగతులు ఆ బిల్లు ఎప్పుడు పాసవుతుందన్న దాని మీదే ఆధారపడి ఉన్నాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మొదట్లో ఇలా లేదు. విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ 1977లో, హైదరాబాద్‌లో చైతన్య భారతి 1979లో, వాసవి 1981లో వచ్చాయి. ఊరి పెద్దలు, వ్యాపారులు, కుల సంఘాల దాతలు కలిసి సొసైటీ పెట్టి, చందాలు వేసుకుని కాలేజీ కట్టిన రోజులవి. డొనేషన్ అనే మాటకు అప్పట్లో రెండు అర్థాలూ చెల్లాయి: దాత ఇచ్చేదీ డొనేషనే, సీటు కోసం తండ్రి ఇచ్చేదీ డొనేషనే. రెండో రకం శ్రుతి మించడంతో 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. చట్టం వచ్చింది గానీ సీటుకు ధర పోలేదు. 1992లో ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు కొట్టేయడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి కుర్చీయే పోయింది. కాలేజీల అనుమతుల మీద ఒక ముఖ్యమంత్రి రాజీనామా చేయాల్సి వచ్చిందంటే, అప్పటికే సీటు విలువ ఎంతకు చేరిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో తేలిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. సగం సీట్లు ప్రతిభ ఆధారంగా తక్కువ ఫీజుకు, మిగతా సగం ఎక్కువ ఫీజుకు ఇవ్వాలనీ, రెండోవారి డబ్బుతో మొదటివారి చదువు సాగాలనీ కోర్టు పథకం గీసింది. వినడానికి సోషలిజంలా ఉంటుంది. ఆచరణలో మాత్రం ఊరి నుంచి వచ్చిన మధ్యతరగతి విద్యార్థి, పట్నంలో మంచి కోచింగ్ తీసుకుని ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి రాయితీ ఇచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు. 2002లో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం టీఎంఏ పాయ్ కేసులో ఆ పథకాన్ని పక్కన పెట్టింది. విద్యాసంస్థ నడపడం రాజ్యాంగం గుర్తించిన వృత్తేననీ, సంస్థ ఎదుగుదలకు కావలసినంత మిగులు ఉండొచ్చనీ, లాభాపేక్ష, క్యాపిటేషన్ మాత్రం కూడవనీ చెప్పింది. మిగులుకూ లాభానికీ మధ్య గీత ఎక్కడ? దాన్ని కొలిచే పని మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో ఫీజుల కమిటీల మీద పడింది. ఇప్పుడు తెలంగాణలో ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ అయిన టీఏఎఫ్‌ఆర్‌సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ చేస్తున్న పని అదే.

కమిటీ పద్ధతి తేలికే. కాలేజీ గత సంవత్సరాల ఆడిట్ లెక్కలు సమర్పిస్తుంది. జీతాలు, నిర్వహణ, ల్యాబులు వగైరాల్లో అంగీకరించిన ఖర్చును విద్యార్థుల సంఖ్యతో భాగించి, ధరల పెరుగుదలకూ అభివృద్ధికీ కొంత కలిపి, మూడేళ్ల బ్లాక్ పీరియడ్‌కు ఫీజు ఖరారు చేస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఖర్చు ఎంత ఎక్కువ చూపిస్తే ఫీజు అంత పెరుగుతుంది. పొదుపుగా నడిపే కాలేజీకి దక్కేది తక్కువ ఫీజే. బ్యాంకు ఖాతాలో పూర్తి జీతం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకుంటారన్న ఆరోపణ అధ్యాపకుల నోట ఏళ్లుగా వినబడుతున్నది ఈ మెలిక వల్లే.

2022-25 బ్లాక్ పీరియడ్‌కు తెలంగాణలో కమిటీ ఖరారు చేసిన ఇంజనీరింగ్ ఫీజులు ఏడాదికి 45 వేల నుంచి 1.60 లక్షల రూపాయల దాకా ఉన్నాయి. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరమో తెలియాలంటే కాగితం మీద ఒక లెక్క వేసి చూడాలి. ఒక బ్రాంచిలో ఒక సెక్షన్, 60 సీట్లు అనుకుందాం. అందులో 70 శాతం, అంటే 42 కన్వీనర్ కోటా. తక్కిన 18 మేనేజ్‌మెంట్ కోటా. నాలుగేళ్లకు కలిపి 240 మంది. ప్రతి సీటూ నిండిందనీ, అందరూ 45 వేల చొప్పున కట్టారనీ ఉదారంగా అనుకున్నా ఏడాది ఆదాయం 1.08 కోట్లు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి కాబట్టి 12 మంది కావాలి. ఏడో వేతన సంఘం స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనం నెలకు 57,700. పన్నెండుమందినీ ఆ అట్టడుగు మెట్టు మీదే ఉంచి, డీఏ గానీ హెచ్ఆర్ఏ గానీ కలపకుండా లెక్కేస్తే ఏడాదికి 83 లక్షల 8 వేలు. ఆదాయంలో 77 శాతం అక్కడికే సరి. ప్రొఫెసర్లు, ల్యాబ్ సిబ్బంది, కరెంటు, సాఫ్ట్‌వేర్, అఫిలియేషన్ ఫీజులు, భవనం అప్పు మీద వడ్డీ ఇంకా పద్దులోకి రానేలేదు. అదే సెక్షన్ 1.60 లక్షల ఫీజున్న కాలేజీలో ఉంటే ఆదాయం 3.84 కోట్లు, అదే మూలవేతనాల భారం ఐదో వంతుకు కాస్త పైన.

కాబట్టి 45 వేల ఫీజు కాలేజీ స్కేలు ప్రకారం జీతాలు ఇస్తున్నామని చెబితే అది నమ్మదగ్గ మాట కాదు. అది యాజమాన్యం దుర్మార్గం ఒక్కటే అనడం సులువు. ఆ ఫీజును ఆమోదించిన కమిటీకి, ఆ స్కేలును నిర్దేశించిన ఏఐసీటీఈకి, ఏటా అఫిలియేషన్ ఇచ్చే యూనివర్సిటీకి కూడా ఈ గుణకారం తెలుసు. మూడు చోట్లా మూడు ఫైళ్లు విడివిడిగా నడుస్తాయి, అంతే.

ఇక రీయింబర్స్‌మెంట్. 2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీ, ఈబీసీ విద్యార్థులకూ ఫీజు మొత్తం భరించే పథకం తెచ్చింది. దాని సామాజిక ఫలితాన్ని తక్కువ చేసి చూడకూడదు. కూలి పనులు చేసుకునే ఇళ్ల నుంచి, ఆడపిల్లల్లో ముఖ్యంగా, మొదటి తరం ఇంజనీర్లు వచ్చారు. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆ పథకం మీద చదివినవాళ్లు కోకొల్లలు. అయితే డబ్బు గ్యారంటీ అనగానే కాలేజీలూ పుట్టుకొచ్చాయి. కొన్నేళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీల సంఖ్య 700 దాటింది. విద్యార్థులను పోగేసి తెచ్చే పీఆర్వోలు, తలకింత చొప్పున కమీషన్, చేరితే ల్యాప్‌టాప్ ఉచితమన్న కరపత్రాలు ఆ కాలపు సరుకే.

భారం పెరిగేసరికి 2012-13లో ప్రభుత్వం పరిమితి పెట్టింది. తెలంగాణలో నేటికీ ఆ అంకె మారలేదు: బీసీ, ఈబీసీ విద్యార్థికి ప్రవేశ పరీక్షలో ర్యాంకు 10 వేలు దాటితే ప్రభుత్వం ఇచ్చేది 35 వేలే, ఆ లోపు ర్యాంకు వచ్చినవారికీ ఎస్సీ, ఎస్టీలకూ మొత్తం ఫీజు. ఫీజు, పరిమితి మధ్య తేడా విద్యార్థి కట్టుకోవాలి. 2012లో 35 వేలకు కొనగలిగినవి ఇప్పుడు కొనలేమని ఆర్థిక శాఖకు చెప్పాల్సిన అవసరం లేదు.

ఆంధ్రప్రదేశ్ 2020లో జగనన్న విద్యా దీవెన పేరుతో వేరే దారి పట్టింది. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపుంటే మొత్తం ఫీజు, మూడు నెలలకోసారి, కాలేజీకి కాకుండా తల్లి ఖాతాలోకి. తల్లే వెళ్లి ఫీజు కడుతుంది కాబట్టి కాలేజీని నిలదీసే హక్కు ఆమెకు వస్తుందన్నది ఉద్దేశం. ఆలోచన మెచ్చుకోదగ్గదే. కానీ వాయిదా ఆలస్యమైనప్పుడు కాలేజీ అడిగేది ముఖ్యమంత్రిని కాదు, ఆ తల్లినే. ఖాతాలో పడ్డ డబ్బు ఇంటి అవసరాలకు ఖర్చయిపోయి కాలేజీకి చేరలేదన్న ఫిర్యాదులు ఇంకో వైపు. అదే ఏడాది డిసెంబరులో జీవో 77తో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు పథకాన్ని నిలిపేశారు. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం డబ్బును మళ్లీ కాలేజీల ఖాతాలకు మళ్లించింది. దారి మారింది, ఆలస్యం మారలేదు.

ఆలస్యానికి ధర ఉంటుంది. ఒక కాలేజీకి కోటి రూపాయలు ఏడాదిపాటు రాకపోతే, 12 శాతం వడ్డీకి తెచ్చుకున్నా 12 లక్షలు పోతాయి. ఆ వడ్డీని ప్రభుత్వం ఇవ్వదు. తెలంగాణలో బిల్లుకు ట్రెజరీ టోకెన్ ఇస్తుంది. టోకెన్ చేతికొచ్చాక నగదు వచ్చేదాకా నెలలు గడిచిపోతాయి. అంటే ప్రైవేటు కాలేజీ తన ఇష్టంతో పని లేకుండా రాష్ట్రానికి వడ్డీ లేని అప్పు ఇస్తోంది. ఆ అప్పు భారం చివరికి ఇద్దరి నెత్తిన పడుతుంది. ఒకరు అధ్యాపకుడు: రెండు మూడు నెలల జీతం ఆగిపోవడం చిన్న కాలేజీల్లో వార్త కానే కాదు. రెండోవారు విద్యార్థి: కోర్సు పూర్తయి ఉద్యోగం వచ్చాక ఒరిజినల్స్, టీసీ అడిగితే, ప్రభుత్వం ఇవ్వాల్సింది మీరు కట్టి తీసుకెళ్లండి, అది వచ్చాక తిరిగిస్తాం అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పినా కౌంటరు దగ్గర ఆ కాగితానికి విలువ లేదు. అప్పు చేసిన ప్రభుత్వం, అప్పిచ్చిన కాలేజీ కాకుండా, మధ్యలో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్లవాడు తాకట్టు అవుతున్నాడు.

కాలేజీలు నిర్దోషులని కాదు. 2014 ఆగస్టులో, కౌన్సెలింగ్ ముంగిట, జేఎన్టీయూ హైదరాబాద్ 174 కాలేజీలకు అఫిలియేషన్ నిరాకరించింది. చదువు చెప్పేవాళ్లు లేరు, ల్యాబుల్లో పరికరాలు లేవు. నిజనిర్ధారణ కమిటీ వచ్చే రోజు మాత్రమే కనిపించే అధ్యాపకులు, ఒకే పేరు రెండు కాలేజీల రిజిస్టర్లలో ఉండటం లాంటివి బయటపడ్డాకే బయోమెట్రిక్ హాజరు వచ్చింది. 2016లో తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ బృందాలను కాలేజీల మీదకు పంపింది. అయితే చిత్రంగా, తనిఖీలు తీవ్రమయ్యేది బకాయిల గొడవ ముదిరినప్పుడే. బాకీ అడిగినవాడి ఇంటికి ఇన్‌స్పెక్టరును పంపడం తనిఖీ విలువను తనిఖీ చేసేవాళ్లే తగ్గించుకోవడం.

స్తోమత ఉన్న సంస్థలు ఈ చట్రంలోంచి ఎప్పుడో బయటపడ్డాయి. 1980లో మొదలైన గీతం 2007లో డీమ్డ్ వర్సిటీ అయింది. విజ్ఞాన్, కేఎల్ ఆ వెంటనే అదే బాట పట్టాయి. తర్వాత రెండు రాష్ట్రాలూ ప్రైవేటు యూనివర్సిటీల చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఆ వర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాకు తీసుకుంది. తెలంగాణ నాలుగో వంతు సీట్లు స్థానికులకు కేటాయిస్తే చాలంది, ఫీజు వాళ్ల ఇష్టం. మధ్యతరగతి తండ్రి అప్పు చేసైనా అక్కడికే వెళుతున్నాడు. కిందిస్థాయి కాలేజీలో మిగిలేది రీయింబర్స్‌మెంట్ తప్ప గత్యంతరం లేని విద్యార్థి. మరో దారి కంప్యూటర్ సైన్స్: వర్క్‌షాపు అక్కర్లేదు, బరువైన యంత్రాలు అక్కర్లేదు, గది, కంప్యూటర్లు ఉంటే చాలు. 2024-25 నుంచి మంచి పనితీరు ఉన్న కాలేజీలకు బ్రాంచి సీట్ల మీద గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేయడంతో సివిల్, మెకానికల్ సీట్లు వదులుకుని సీఎస్ఈ పెంచుకునే పోటీ ముదిరింది. దేశంలో 18-23 ఏళ్ల వయసున్న లక్ష మందికి సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49 ఉన్నట్టు 2021-22 జాతీయ ఉన్నత విద్యా సర్వే తేల్చింది. కొరత కాలేజీలది కాదు.

న్యాయస్థానాలు 2022లో రెండుసార్లు ఈ పద్దులోకి తొంగిచూశాయి. రెండు కేసులూ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవే. పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకు విద్య ఒక్కటే లక్ష్యంగా ఉండాలని న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నవంబరులో, ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజును ఒక్కసారిగా ఏడు రెట్లు పెంచి 24 లక్షలు చేసిన 2017 నాటి జీవోను హైకోర్టు కొట్టేయడం సరైనదేనని తేల్చి, కాలేజీకీ ప్రభుత్వానికీ కలిపి 5 లక్షల ఖర్చులు వేసింది. ఫీజు ఎక్కువైతే కోర్టు అడ్డుపడుతోంది. ఫీజు ఇస్తామని చెప్పి ఇవ్వకపోతే అడ్డుపడే చట్టం లేదు.

రెండు పనులకు కొత్త చట్టాలు కూడా అక్కర్లేదు. ఫీజుల కమిటీ ముందుకొచ్చే ప్రతి కాలేజీ ఆడిట్ లెక్కలనూ యథాతథంగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. జీతాల ఖాతా చూస్తే అక్కడ పనిచేసే అధ్యాపకుడే నిజం చెప్పగలడు. ఏ కాలేజీకి ఏ సంవత్సరం తాలూకు ఎంత బాకీ ఉన్నదో, టోకెన్ ఏ తేదీన ఇచ్చారో ప్రభుత్వం కూడా అక్కడే పెట్టాలి. వెబ్ ఆప్షన్లు ఇచ్చుకునే ముందు ఈ రెండు జాబితాలూ చూసే అవకాశం ఈఏపీసెట్ రాసిన ప్రతి విద్యార్థి కుటుంబానికీ ఉండాలి.