నకులపిత రోగమును నేటి స్మృతి చికిత్సయు: ఒక పునర్విచారము

మైండ్‌ఫుల్‌నెస్ అను పేర నేడు లోకమంతట ప్రచారము గాంచిన స్మృతి చికిత్సను గూర్చి గడచిన దశాబ్దమున వెలువడిన విమర్శలను చదివిన కొలదియు నాలో అసంతృప్తి పెరుగుచు వచ్చినది. ఆ విమర్శలందు కార్యాలయోద్యోగులు కలరు, సైనికులు కలరు, పాఠశాల బాలురు కలరు. కీళ్ల నొప్పులతో నిద్రకు దూరమైన వృద్ధులును, తిరిగిరాని ఆరోగ్యమును తలచుకొని కుములు దీర్ఘరోగులును, సహచరిని కోల్పోయి ఒంటరులైనవారును కనబడుట అరుదు. ఎవరి కొరకు ఈ చికిత్స పుట్టినదో వారినే విస్మరించి దాని గుణదోషములను నిర్ణయించుట న్యాయము కాదని చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విమర్శకులలో అగ్రగణ్యుడు శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయమున మేనేజ్‌మెంటు శాస్త్రమునకు ఆచార్యుడైన రొనాల్డ్ పర్సర్. 2013లో డేవిడ్ లాయ్‌తో కలిసి వ్రాసిన వ్యాసమునందును, 2019లో వెలువరించిన ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’ గ్రంథమునందును ఆయన వాదము రెండు శాఖలుగా సాగినది. సంఘమున పుట్టిన దుఃఖమునకు వ్యక్తినే బాధ్యుని చేసి, అన్యాయమును సహించుటకు అతనిని సిద్ధపరచుట మొదటి దోషము. శీలమునుండియు ప్రజ్ఞనుండియు స్మృతిని వేరు చేసి అష్టాంగమార్గమును ఛిన్నము చేయుట రెండవది. యజమానులు తమ లాభమునకై ఉద్యోగులచేత చేయించు సాధన విషయమున మొదటి ఆక్షేపము పూర్తిగా సత్యము. కాని వార్ధక్యమును ఏ యజమాని కల్పించెను? వెన్నుపూసల అరుగుదలను ఏ శాసనముతో రద్దు చేయగలము? సంఘమును ఎంత సంస్కరించినను మిగిలియుండు దుఃఖమొకటి కలదు. సిద్ధార్థుడు గృహమును విడిచినది ఆ దుఃఖమును చూచియే. రోగులకు కొంత ఉపశమనము కలుగుటను పర్సర్ కాదనలేదు గాని, ఆ అంగీకారము ఆయన వాదమును ఎచ్చటను మార్చలేదు. అందుచేతనే ఆ విమర్శ, ఎంత తీవ్రమైనదైనను, రోగి మంచము దాక చేరదు.

రెండవ ఆక్షేపమునకు సమాధానము సంయుత్తనికాయమునందే కలదు. ఖంధసంయుత్తములోని నకులపిత సుత్తము బౌద్ధవాఙ్మయము చదివినవారికి సుపరిచితమే. అయినను దాని కథాక్రమమును శ్రద్ధతో పరిశీలించినవారు తక్కువ. భగ్గదేశమున సుంసుమారగిరి దాపున భేసకళావనమందు భగవానుడు విహరించుచుండగా నకులపిత అను గృహపతి వచ్చి, తాను ముదుసలియై, కడపటి వయస్సునకు చేరి, ఎడతెగని రోగములతో బాధపడుచుంటిననియు, భగవానుని దర్శనము సైతము తనకు అరుదైపోయినదనియు విన్నవించుకొనెను. బుద్ధుడు అతని రోగమును కాదనలేదు. తగ్గించెదనని వాగ్దానమును చేయలేదు. ఇట్టి దేహమును మోయుచు క్షణకాలమైనను ఆరోగ్యవంతుడనని చెప్పుకొనుట మూఢత్వమే యగునని పలికి, దేహము రోగగ్రస్తమైనను చిత్తము రోగగ్రస్తము కాకుండునట్లు అభ్యసింపుమని మాత్రము ఉపదేశించెను. వృద్ధుడు నమస్కరించి లేచి బుద్ధుని ప్రధానశిష్యుడగు సారిపుత్రుని కడకు పోయెను. అతని ముఖము తేటపడియుండుటను చూచి సారిపుత్రుడు కారణమడిగెను. చిత్తమును రోగమునుండి కాపాడుకొనుట యెట్లో భగవానుని అడిగితివా యని మరల ప్రశ్నించెను. అడుగలేదని తెలిసి, పంచస్కంధములను గూర్చియు, వానిని ‘నేను’, ‘నాది’ యని పట్టుకొనుటను గూర్చియు సుదీర్ఘమైన వివరణమును తానే చేసెను.

ఇచట గమనింపవలసినది పౌర్వాపర్యము. వృద్ధుని ముఖము తేటపడినది స్కంధవిచారమును వినకమునుపు. అతనికి ఊరట నిచ్చినవి రెండే: తన బాధ సత్యమని ఒకరు ఒప్పుకొనుట, ఆ బాధను మించిన ఒక అభ్యాసము తనకు సాధ్యమని తెలియుట. సిద్ధాంతమునుండి వేరైన సాధన వికృతమే యను పక్షమునకు ఈ ఒక్క సుత్తము చాలిన ఖండనమని నా నిశ్చితాభిప్రాయము.

ఈ ధార ఆధునిక కాలమున తెగిపోలేదు. 1955లో సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన పార్శ్వపు తలనొప్పితో, మార్ఫీను సూదులకు అలవాటుపడుదునేమో యను భయముతో, రంగూనులో విపశ్యనా ధ్యానగురువగు ఊ బా ఖిన్‌ను ఆశ్రయించిరి. కేవలము తలనొప్పి మాన్పుకొనుటకై వచ్చినచో చేర్చుకొననని గురువు మొదట నిరాకరించిన సంగతిని ఆయనయే పలుమారులు చెప్పియున్నారు. ఆ నిరాకరణమునందే చికిత్సారహస్యమున్నది: వ్యాధి తగ్గవలెనని తహతహపడు చిత్తమునకు వ్యాధి మరింత బరువగును. గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చుటకు కారణము తల్లి అనారోగ్యము; ఆ సంవత్సరము జూలైలో బొంబాయిలో జరిగిన తొలి శిబిరమున ఆయన తల్లిదండ్రులే శిష్యులై కూర్చుండిరి. హైదరాబాదులో నాగార్జునసాగర్ రహదారిపైనున్న ధమ్మఖేత్తమునందు నేడు పది దినముల శిబిరములలో కూర్చుండు తెలుగువారిలో ఎందరు ఈ సంగతిని ఎరుగుదురో కాని, ఈ సాధన మన దేశమున పునఃప్రవేశము చేసినది ఒక రుగ్ణమాతను తలచియే.

పది సంవత్సరములకు, 1979లో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమున జాన్ కబట్-జిన్ ఆరంభించిన స్మృతి చికిత్సా తరగతులకును వచ్చినవారు మందులకు లొంగని నొప్పులు గలవారే. కూర్చుండలేనివారు పరుండి, ఎడమకాలి వ్రేళ్లనుండి శిరస్సు వరకు ముప్పావుగంట సేపు ఒక్కొక్క అవయవమునందలి వేదనను మార్చ యత్నింపక గమనింపవలెను. 1982లో ప్రకటితమైన తొలి పరిశోధనమున 51 మంది దీర్ఘవేదనా రోగులలో నూటికి 65 మందికి నొప్పి సూచిక మూడవవంతు గాని అంతకు మించి గాని తగ్గినది. పోల్చిచూచుటకు వేరొక వర్గము లేకపోవుట దానికి లోపమే. అయినను వేదనాసంయుత్తమున చెప్పబడిన రెండు బాణములలో దేహమును తాకిన మొదటిదానిని విడిచి, శోకరూపమున మనస్సును తాకు రెండవదానిని పెరికివేయుట యనగా ఏమియో ఆ రోగుల అనుభవము ప్రత్యక్షముగా చూపినది.

అయితే 2016లో ప్రకటితమైన పిట్స్‌బర్గు పరిశోధనమున, 65 సంవత్సరములు దాటి నడుమునొప్పితో బాధపడు 282 మందిలో ఈ చికిత్స పొందినవారికి, ఎనిమిది వారముల పిదప కనబడిన దేహచలనములోని మేలు ఆరు మాసములకు నిలువలేదు. మా, టీస్‌డేల్ అను పరిశోధకులు 2004లో, జీవితమున సంభవించిన పెద్ద మార్పుల వెంట తిరుగబెట్టు మనోవ్యాకులతపై ఈ చికిత్స ప్రభావము స్వల్పమనిరి. ఈ ఫలితములు నా వాదమును కదల్పవు. ఏకాంతసాధన చాలని చోటును మాత్రము అవి చూపుచున్నవి.

ఆ చోట ఏమి కావలెనో అంగుత్తరనికాయము చెప్పుచున్నది. నకులపిత మరియొకమారు ప్రాణాపాయస్థితిలో నుండగా అతని భార్య నకులమాత మంచము చెంత నిలిచి, దిగులుతో మరణింపవలదని ఓదార్చెను. తాను నూలు వడికి, ఉన్ని దువ్వి పిల్లలను పోషింపగలననియు, మరియొకని ఇంటికి పోననియు, శీలమును విడువననియు అతని సందేహములను ఒక్కొక్కటిగా తీర్చెను. అతడు కోలుకొని, కర్ర పట్టుకొని నడచి బుద్ధుని దర్శించుకొనగా, అట్టి హితైషిణి లభించుట నీ భాగ్యమని బుద్ధుడు ప్రశంసించెను. వృద్ధుని పీడించునది నొప్పి యొక్కటియే కాదు. తన పిదప తనవారి గతి యేమను చింతయు, తాను భారమైతినను లజ్జయు కూడ. వృద్ధులకు స్మృతి చికిత్స ఫలించిన చోట్లనెల్ల ధ్యానముతోపాటు తరగతిలోని తోడి రోగులు ఈ నకులమాత స్థానమును కొంత పూరించిరని నేను తలచుచున్నాను. బిడ్డలు విదేశములందుండగా వార్ధక్యమును గడుపు మన తెలుగు దంపతుల విషయమున ఇది మరింత నిజమగును.

కావున ఇకమీదట మన ప్రాంతమున వృద్ధులతో ఈ పరిశోధన చేయబూనువారు నొప్పి కొలతతో సంతృప్తి చెందక, నొప్పిని గూర్చిన భయమును వేరుగా అడిగి తెలిసికొనవలెను. భార్యనో భర్తనో, సేవచేయు కోడలినో కూతురినో తరగతి వెలుపల బల్లపై వేచియుండనీయక, రోగి ప్రక్కనే మరియొక చాప పరచి కూర్చుండబెట్టవలెను.