పొడుగోడు లేకుండా కప్పు కొట్టగలరా?

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసులో భోజనాల దగ్గర ఒకటే గోల. ఎన్బీయే ప్లేఆఫులు మొదలవుతాయి కదా. ఎవరి జట్టు వాళ్ళది, ఎవరి లెక్కలు వాళ్ళవి. కానీ ఏ ఏడు చూసినా వాదన తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది: బుట్ట కింద ఒక భారీ మనిషి లేకుండా ఛాంపియన్ అవ్వడం కుదురుతుందా, కుదరదా? పాతకాపులు "కుదరదు గాక కుదరదు" అంటారు. స్టెఫ్ కర్రీని చూస్తూ పెరిగిన కుర్రాళ్ళు "ఇంకా ఏ కాలంలో ఉన్నారండీ" అంటారు. నన్నడిగితే ఇద్దరూ సగం సగమే చూస్తున్నారు. చరిత్ర కాస్త తవ్వితే గానీ రెండో సగం కనపడదు.

ఆట పెద్దగా తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. రింగు నేలకి పది అడుగుల ఎత్తులో ఉంటుంది. 1891లో జేమ్స్ నైస్మిత్ మాస్టారు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక వ్యాయామశాల బాల్కనీకి పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించినప్పుడు ఆ బాల్కనీ పది అడుగుల ఎత్తుంది, అంతే. ఆ తర్వాత ఈ ఆటలో బోలెడన్ని రూల్సు మారాయి గానీ ఆ పది అడుగులు మాత్రం మారలేదు. కాబట్టి చెయ్యెత్తితే రింగు అందేవాడికీ, ఎగిరినా అందనివాడికీ ఉన్న తేడా ఈ ఆటకి పుట్టుకతో వచ్చిందే.

అలాగని మొదట్లో పొడుగోళ్ళని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. మరీ పొడుగైతే కదల్లేడు, తడబడతాడు అనేవాళ్ళు. 1942లో డీపాల్ కాలేజీకి జార్జ్ మైకన్ అనే 6 అడుగుల 10 అంగుళాల కుర్రాడు సోడాబుడ్డి కళ్ళద్దాలతో వస్తే, కోచ్ రే మేయర్ అతని చేత తాడాట ఆడించాడు, బాక్సింగ్ చేయించాడు, డాన్సు కూడా నేర్పించాడు, కాళ్ళు మాట వినాలని. కాళ్ళు మాట విన్నాక ఇక అతన్ని ఆపగలిగినవాడు లేడు. రింగులోకి దిగబోతున్న బంతిని పైనే చేత్తో కొట్టేసేవాడు. అతనూ, ఒక్లహోమాలో బాబ్ కర్లండ్ అనే ఇంకో పొడగరీ ఇదే పని చేస్తుంటే 1944లో కాలేజీ వాళ్ళు "దిగుతున్న బంతిని ముట్టుకోకూడదు" అని రూలు పెట్టారు. ఇప్పుడు మనం గోల్‌టెండింగ్ అంటున్నది అదే.

తర్వాత మైకన్ మినియాపొలిస్ లేకర్స్‌లో చేరాడు (లేకర్స్ అంటే సరస్సుల వాళ్ళు. లాస్ ఏంజెలెస్‌లో సరస్సులెక్కడివి అని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? పేరు మినియాపొలిస్ నుంచి మోసుకొచ్చుకున్నదే). 1949 నుంచి 1954 దాకా ఆరేళ్ళలో ఐదు టైటిళ్ళు. 1949 డిసెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బయట బోర్డు మీద "జార్జ్ మైకన్ వర్సెస్ నిక్స్" అని రాశారట. మిగతా లేకర్స్ అంతా ఉత్తినే వచ్చినట్టు! ఇతని దెబ్బకి 1951లో బుట్ట కింద గీసే పెట్టె వెడల్పు ఆరడుగుల నుంచి పన్నెండడుగులకి పెంచారు, ఆ పెట్టెలో మూడు సెకన్ల కంటే ఎక్కువ నిలబడకూడదు కాబట్టి.

అంతకు ముందే, 1950 నవంబరు 22న, ఫోర్ట్ వేన్ పిస్టన్స్ వాళ్ళు ఇంకో ఉపాయం పన్నారు. మైకన్ చేతికి బంతి అందితేనే కదా ప్రమాదం? అసలు బంతి వదలకుండా చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. చివరికి స్కోరెంతో తెలుసా? 19-18. పిస్టన్స్ గెలిచారు. లేకర్స్ చేసిన 18లో 15 మైకన్ ఒక్కడివే. ఎన్బీయే చరిత్రలో ఇంతకంటే తక్కువ స్కోరు మ్యాచి లేదు. ఇలాగే సాగితే జనం టికెట్లు కొనరని అర్థమయ్యాక 1954లో 24 సెకన్ల గడియారం తెచ్చారు. ఈ 24 ఎక్కడిదంటే, మ్యాచి 48 నిమిషాలు, అంటే 2880 సెకన్లు. మంచి మ్యాచిలో రెండు జట్లూ కలిపి సుమారు 120 షాట్లు వేస్తాయని సిరాక్యూస్ వాళ్ళు లెక్కేశారు. 2880ని 120తో భాగిస్తే 24. ఎంత హాయైన లెక్కో! ఆ ఒక్క ఏడాదిలో జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి ఎగబాకింది. ఆట పరుగందుకుంది. రిటైరైన మైకన్ 1955-56లో మళ్ళీ వచ్చి 37 మ్యాచిలు ఆడాడు గానీ పాత మైకన్ కనపడలేదు.

ఒక్క యూజరు సర్వరంతా ఆక్రమిస్తున్నాడని అందరికీ రేట్ లిమిట్ పెట్టినట్టుంది కదా ఇదంతా? ఇది అక్కడితో ఆగలేదు. 1964లో విల్ట్ చాంబర్లిన్ కోసం ఆ పెట్టెని 16 అడుగులు చేశారు. 1967లో కాలేజీ ఆటలో డంక్ కొట్టడమే నిషేధించారు. అప్పుడు యూసీఎల్ఏలో ఆడుతున్న లూ ఆల్సిండర్ (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్) వల్లే ఈ రూలని అందరూ అనుకున్నారు. యూసీఎల్ఏ మాత్రం ఆ తర్వాతి రెండేళ్ళూ కూడా కప్పు కొట్టింది. పొడుగోడి పట్ల ఆటకున్న భయం ఎంతో ఈ రూల్సే చెప్తాయి. పనికిరానివాడి కోసం ఎవరైనా ఇన్నిసార్లు రూల్సు మారుస్తారా?

సరే, ఇప్పుడు అసలు సంగతికొస్తాను. చాంబర్లిన్ 7 అడుగుల 1 అంగుళం. 1961-62లో మ్యాచికి 50.4 పాయింట్లు సగటు. 1962 మార్చి 2న హెర్షీ ఊళ్ళో ఒకే మ్యాచిలో 100 పాయింట్లు. ఈ అంకెలు చూసి బుట్ట కింద బలవంతుడుంటే చాలనుకుంటాం. మరి ఆ ఏడాది అతని జట్టు ఫైనల్‌కి కూడా వెళ్ళలేదు. ఏడో మ్యాచిలో 109-107తో బోస్టన్ చేతిలో ఓడింది. బోస్టన్‌లో బిల్ రస్సెల్ ఉన్నాడు. అతని జీవితకాల సగటు మ్యాచికి 15.1 పాయింట్లు, అంటే విల్ట్ సగటులో సగం. రస్సెల్ 13 సీజన్లాడి 11 టైటిళ్ళు గెలిచాడు, చివరి రెండూ ఆడుతూనే కోచ్‌గా కూడా ఉంటూ. విల్ట్‌వి రెండు.

రస్సెల్ ఏం చేసేవాడు? ఎదుటివాడు షాటు వేస్తే ఆ బంతిని ప్రేక్షకుల్లోకి బాదడు. సుతారంగా తట్టి తనవాళ్ళ చేతికి పంపేవాడు. అక్కణ్ణుంచి బోస్టన్ పరుగు మొదలు. దానికంటే ముఖ్యం, చాలామంది ఆ వైపు వచ్చేవాళ్ళే కాదు. వస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి. ఇక్కడ ఒక తమాషా చూడండి. ఎన్బీయే వాళ్ళు బ్లాకులు లెక్కపెట్టడం మొదలెట్టింది 1973-74లో. రస్సెల్ 1969లోనే మానేశాడు. అంటే ఈ ఆట చూసిన గొప్ప డిఫెండరు తన ముఖ్యమైన పని ఎంత చేశాడో ఒక్క అంకె కూడా అధికారిక రికార్డుల్లో లేదు! ప్రొడక్షన్‌లో ఏమీ పగలకుండా చూసేవాడి పేరు ఏ రివ్యూలో కనపడుతుంది చెప్పండి. పగిలాక అతికించినవాడికి అవార్డు. ఈ బాధ మనకి కొత్త కాదు.

విల్ట్‌కి ఇది చేతకాక కాదు. 1966-67లో అలెక్స్ హానమ్ కోచ్‌గా వచ్చి షాట్లు తగ్గించి పాసులివ్వమన్నాడు. సగటు 24.1కి పడింది, పాసులు 7.8కి పెరిగాయి. ఫిలడెల్ఫియా 68 గెలిచి 13 ఓడింది, బోస్టన్‌ని 4-1తో చిత్తు చేసింది, కప్పు కొట్టింది. అదే మనిషి, అదే ఎత్తు, పని మాత్రమే మారింది.

కుర్రాళ్ళ వైపు సాక్ష్యాలూ ఉన్నాయి. అందరూ చెప్పేది 1980 ఫైనల్ ఆరో మ్యాచి. కరీం చీలమండ బెణికి ఇంట్లో ఉంటే ఇరవయ్యేళ్ళ కొత్త కుర్రాడు మేజిక్ జాన్సన్ సెంటర్‌గా దిగి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు చేశాడు. నిజమే, అద్భుతమే. కానీ లేకర్స్ అప్పటికి 3-2తో ముందున్నారంటే ఐదో మ్యాచిలో అదే బెణికిన కాలితో 40 కొట్టిన కరీం వల్ల. ఆ మాట ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో 1975 వారియర్స్ అంతకంటే గట్టి సాక్ష్యం. రిక్ బారీ నడిపించిన జట్టు, సెంటర్లుగా క్లిఫర్డ్ రే, జార్జ్ జాన్సన్ వంతులేసుకుని కాపలా కాశారు. అవతల వెస్ అన్‌సెల్డ్, ఎల్విన్ హేయ్స్ ఉన్న వాషింగ్టన్‌ని 4-0తో ఊడ్చేశారు. చూశారా, స్టార్ సెంటర్ లేడు. కాపలా మాత్రం ఉంది.

పొడుగు మోజు ఎంత ఖరీదో పోర్ట్‌లాండ్ వాళ్ళని అడగాలి. 1984 డ్రాఫ్ట్‌లో హూస్టన్ మొదట హకీం ఒలాజువాన్‌ని తీసుకుంది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. క్లైడ్ డ్రెక్స్లర్ ఎలాగూ ఉన్నాడు, సెంటర్ కావాలి అని సామ్ బోవీని తీసుకున్నారు. పాపం అతని కాళ్ళు మాటిమాటికీ విరిగాయి. మూడోవాడిని షికాగో తీసుకుంది. పేరు మైకేల్ జోర్డాన్. ఆ జోర్డాన్ 1991 నుంచి 1998 మధ్య ఆరు టైటిళ్ళు గెలిచాడు, పక్కన బిల్ కార్ట్‌రైట్, లూక్ లాంగ్లీ లాంటి సెంటర్లతో. వాళ్ళు స్టార్లు కారు గానీ ఇద్దరూ ఏడడుగులు దాటినవాళ్ళే. రెండో మూడింటికి డెన్నిస్ రాడ్మన్ తోడు, 6 అడుగుల 7 అంగుళాలతో లీగులోకెల్లా ఎక్కువ రీబౌండ్లు పట్టినవాడు.

మధ్యలో రెండేళ్ళు హకీంవి. 1994 ఫైనల్ ఆరో మ్యాచి చివరి క్షణంలో న్యూయార్క్ జాన్ స్టార్క్స్ మూడు పాయింట్ల షాటు వేశాడు. పడితే కప్పు న్యూయార్క్‌ది. బుట్ట కింద ఉండాల్సిన హకీం అంత దూరం పరిగెత్తుకొచ్చి వేలికొసతో తాకాడు. 86-84. ఏడోది కూడా హూస్టనే గెలిచింది. రాబోయే కాలంలో పొడుగోడు ఏం చెయ్యాల్సి ఉంటుందో ఆ ఒక్క బంతిలో కనపడింది.

ఆ తర్వాత షకీల్ ఓనీల్ 2000 నుంచి మూడేళ్ళు రాజ్యమేలాడు. 2001లో జోన్ డిఫెన్స్‌కి అనుమతిచ్చారు, 2004లో బయట తిరిగే ఆటగాళ్ళ మీద చేతులెయ్యకుండా కట్టడి చేశారు. దాంతో చిన్నవాళ్ళకి దారులు తెరుచుకున్నాయి. షాక్ 2000లో తీసుకున్న ఎంవీపీ అవార్డు మళ్ళీ ఒక సెంటర్‌కి దక్కడానికి 2021 దాకా, నికోలా యోకిచ్ వచ్చేదాకా పట్టింది. ఇరవై ఒక్క ఏళ్ళు! ఈ మధ్యకాలం చూసినవాళ్ళు సెంటర్ చచ్చిపోయాడు అనుకోవడంలో వింతేముంది?

కానీ 2013 ఫైనల్ ఆరో మ్యాచి గుర్తు తెచ్చుకోండి. శాన్ ఆంటోనియో 95-92తో ముందుంది, కొన్ని సెకన్లే మిగిలాయి. మయామి ఎలాగూ మూడు పాయింట్ల షాటే వేస్తుంది కదా అని కోచ్ పొపోవిచ్ టిమ్ డంకన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. లెబ్రాన్ షాటు తప్పింది. రీబౌండ్ 6 అడుగుల 11 అంగుళాల క్రిస్ బాష్ చేతికొచ్చింది. మూలనున్న రే ఆలెన్‌కి అందించాడు. 95-95. ఆ మ్యాచి పోయింది, ఆ తర్వాత కప్పూ పోయింది. నాకైతే ఇప్పటికీ ఆ బెంచీ మీద కూర్చున్న డంకన్ మొహమే గుర్తొస్తుంది. పొపోవిచ్ లెక్క తప్పని నేననను. లెక్క బాగానే ఉంది. అయినా అందుకోవాల్సిన చెయ్యి అక్కడ లేదు.

2015లో వారియర్స్ 2-1తో వెనకబడ్డప్పుడు ఆండ్రూ బోగట్‌ని పక్కనపెట్టి ఆండ్రే ఇగుడాలాతో మొదలెట్టి వరసగా మూడు గెలిచారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా! కుర్రాళ్ళ వాదనకి ఇదే బైబిలు. సరే, మరి 2016 సంగతి? 73 మ్యాచిలు గెలిచిన అదే జట్టు ఫైనల్లో 3-1తో ముందుండి ఓడింది. ఐదో మ్యాచికి డ్రేమండ్ గ్రీన్ సస్పెన్షన్, అదే మ్యాచిలో బోగట్ మోకాలు పోయింది. వాడేది రోజుకి పది నిమిషాలే అయినా ఆ పది నిమిషాల మనిషి లేకపోతే కైరీ, లెబ్రాన్‌లకి దారి ఎంత సాఫీగా ఉంటుందో తర్వాతి రెండు మ్యాచిల్లో చూశాం. అసలు గ్రీన్ 6 అడుగుల 6 అంగుళాల సెంటరే. రస్సెల్ పనే చేస్తాడు, కాస్త తక్కువ ఎత్తు నుంచి. ఆ ఎత్తులో ఆ పని చెయ్యగలిగినవాళ్ళు ఎంతమంది దొరుకుతారు? అందుకే ఆ కిటుకుని కాపీ కొట్టినవాళ్ళంతా బోల్తా పడ్డారు.

అందరికంటే నిజాయితీగా ప్రయోగం చేసింది హూస్టన్. 2020 ఫిబ్రవరిలో సెంటర్ క్లింట్ కాపెలాని పంపించేసి, 6 అడుగుల 5 అంగుళాల పీజే టక్కర్‌ని సెంటర్ చేసింది. ప్లేఆఫుల రెండో రౌండులో లేకర్స్ 4-1తో గెలిచారు. విచిత్రమేమంటే ఆ సిరీస్‌లో లేకర్స్ కూడా తమ బండ సెంటర్లని బెంచీ మీదే ఉంచి ఆంథొనీ డేవిస్‌ని మధ్యలో పెట్టారు. హూస్టన్ పొడుగుని వదులుకుంది, లేకర్స్ నెమ్మదిని వదులుకున్నారు. రెండూ ఒకటి కాదు.

కాపెలా అట్లాంటా వెళ్ళి మరుసటి సీజన్లో మ్యాచికి 14.3 రీబౌండ్లతో లీగంతటికీ మొదటివాడయ్యాడు. టక్కర్ 2021 మార్చిలో మిల్వాకీ చేరాడు. ఆ ఏడాది తూర్పు ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఈసారి టక్కర్ సెంటర్ కాదు, అతని వెనక 7 అడుగుల 1 అంగుళం బ్రూక్ లోపెజ్, పక్కన యానిస్ ఉన్నారు. మిల్వాకీ గెలిచింది. ఆ తర్వాత ఫీనిక్స్ మీద ఫైనల్ ఆరో మ్యాచిలో యానిస్ 50 కొట్టాడు, టక్కర్‌కి ఉంగరం వచ్చింది.