గుడి గుమ్మం పట్టని చెట్టు

ఇంకాస్త మంట దగ్గరికి జరగరా అబ్బాయ్. ఆ ఫోను జేబులో పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. సెంటర్లో కరెంటు బల్బుల క్రిస్మస్ చెట్టు చూసి నోరెళ్లబెట్టావంటగా? మా కాలపు చెట్టు సంగతి చెబుతా విను.

ప్రకాశం జిల్లా ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్లు. మాది పర్చూరు వైపు నల్లరేగడి. డిసెంబరంటే పత్తి తీతలు. ఆడకూలి మూడు రూపాయలు చేతికొస్తే గొప్ప. అందులోంచే తలా పావలానో అర్ధరూపాయో తీసి సంఘపెద్ద చేతిలో పెట్టేవాళ్లం. ఎవరెంత ఇచ్చారో పైకి చదివేవాళ్లు కాదు, ఇవ్వలేనివాళ్లు చిన్నబుచ్చుకుంటారని. మైకులొచ్చాక ఆ మర్యాద పోయింది.

ఆ డబ్బులతో చీరాల పోయి రంగుకాగితాలు, కొవ్వొత్తులు తెచ్చేవాళ్లం. వెదురుబద్దల నక్షత్రం కట్టి, లోపల లాంతరు పెట్టి, రాత్రిళ్లు పాటలకు బయల్దేరితే ఇంటింటా అరిసెలే. మా మేనమామ ఒక్క రాత్రిలో తిన్న అరిసెలు... వద్దులే, వాటి జోలికి పోతే ఇక్కడే తెల్లారుద్ది.

చెట్టు పెట్టే అలవాటు జర్మనీ ఇళ్లలో పుట్టింది. 1842లో గుంటూరొచ్చి లూథరన్ మిషన్ మొదలెట్టిన హయ్యర్ దొర పుట్టిందీ ఆ దేశంలోనే. ఒంగోలు వైపు అమెరికా బాప్టిస్టులు. పెద్ద కరువు తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన తాతముత్తాతల కబురురా అది, మర్చిపోమాక.

చలిదేశపు చెట్టు మన ఎండకు బతకదుగా. వేటపాలెం ఇసుకనేలల్లో సరుగుడు ఉండేది, ఆకు సన్నగా సూదుల్లా. ఏటా ఒక కొమ్మతో సరిపెట్టేవాళ్లం. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా? ఆ ఏడు కుర్రాళ్లకు పౌరుషమొచ్చి ఏకంగా చెట్టే కొట్టి బండికేసుకొచ్చారు. తీరా చూస్తే గుడి గుమ్మం పట్టలా! తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టయింది. పాస్టరుగారు కోప్పడతారనుకుంటే, నవ్వి, వాకిట్లోనే గొయ్యి తవ్వి పాతమన్నారు.

మంచు ఎరిగినవాడెవడూ లేడు మాలో. పత్తి పింజెలు విప్పి కొమ్మలమీద పరిచారు ఆడపిల్లలు. ఎర్రబంతులు కొనే స్తోమతేదీ? పండుమిరపకాయలు దారానికి గుచ్చి వేలాడదీశారు. కుతూహలం ఆగని ఒకడు కాయ తడిమి, అదే చేత్తో కన్ను నలుపుకుని పాటలయ్యేదాకా ఏడ్చాడు. భక్తి పొంగిందనుకుని ముసలమ్మలు వాణ్ణి దీవించారు.

న్యూయార్కులో ఇప్పుడు లోకమంతా చూసే రాక్‌ఫెల్లర్ సెంటర్ చెట్టు ఉందే, దాన్నీ మొదట నిలబెట్టింది కూలీలే. 1931లో, పనుల్లేక జనం అల్లాడే రోజుల్లో, అక్కడ భవనాలు కట్టేవాళ్లు చందాలేసుకుని ఇరవై అడుగుల చెట్టు కొన్నారు. కాగితం దండలు, ఎర్రపళ్ల దండలు కట్టారు. వాళ్లకు ఆ పళ్లు, మాకు మిరపకాయలు!

చెట్టు వాకిట్లో ఉండబట్టి, మా పల్లెలో ఎన్నడూ అడుగుపెట్టని ఊరివాళ్లు కూడా చూడవచ్చారు. మొదటిరోజు దారిమీదే నిలబడ్డారు. రెండోరోజు పిల్లలు లోపలికొచ్చారు, వాళ్లను పిలుచుకుపోవడానికి తల్లులొచ్చారు. వచ్చినవాళ్లకు చాపేసి అరిసెలు పెట్టాం. కొందరు తిన్నారు, కొందరు కొంగున కట్టుకుపోయారు. మరుసటేడు పత్తిచేను ఆసామి ఒకాయన అడక్కుండానే బండి కట్టించి వేటపాలెం పంపాడు. ఈసారి ఇంకా పొడుగు చెట్టు తెమ్మని బండివాడికి చెప్పాడంట.