విదేశాల నుంచి సొంతూరికి మకాం మారుస్తున్నారా? వైన్ బాటిళ్ల లెక్క చూసుకోండి!

నెల్లూరు: విదేశాల్లో మకాం ఎత్తేసి కావలి, ముత్తుకూరు వైపు సొంతూళ్లకు వచ్చేవారిలో చాలామంది చెన్నై ఎయిర్‌పోర్టులో దిగుతారు. లగేజీలో వైన్ ఉంటే కస్టమ్స్ లెక్క తెలిసుండాలి. ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకే సుంకం ఉండదు. 750 ఎంఎల్ బాటిళ్లు రెండైతే ఓకే. మూడైతే 2.25 లీటర్లు.. పరిమితి దాటినట్టే! రెడ్ ఛానల్‌లో చూపించి, అదనానికి సుంకం కట్టాలి. మకాం మార్చేవారికి ఇంటి సామానుపై ఇచ్చే రాయితీ ఈ అదనపు మద్యానికి వర్తించదు. ఓడలో విడిగా పంపే సామాన్లలో పెడితే 2 లీటర్ల మినహాయింపూ దక్కదు.

అక్కడితో అయిపోలేదు. చెన్నై నుంచి రోడ్డు మీద వస్తే తడ దగ్గర రాష్ట్ర సరిహద్దు దాటాలి. అక్కడి నుంచి ఏపీ ఎక్సైజ్ నిబంధనలే లెక్క. అందుకే బిల్లులు, కస్టమ్స్ రసీదు దగ్గర ఉంచుకుని, ఎన్ని బాటిళ్లు తేవచ్చో బయలుదేరే ముందే ఎక్సైజ్ అధికారులను అడగడం మంచిది.