జిల్లా బోర్డులు, జిల్లా పరిషత్తులు

జిల్లా మొత్తానికి సంబంధించిన రోడ్లు, బడులు, ఆసుపత్రులు, తాగునీటి పనులపై తీర్మానాలు చేసి, వాటికి డబ్బు కేటాయించే స్థానిక పాలక సంస్థ జిల్లా బోర్డు. 1959 తరవాత ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానాన్ని జిల్లా పరిషత్తు తీసుకుంది. తెలుగు జిల్లాల్లో ఈ సంస్థ చరిత్ర పన్నుతో మొదలైంది, ఎన్నిక ఎంతో ఆలస్యంగా వచ్చింది. ఓటర్లు పెరిగినకొద్దీ సంస్థ చేతిలోని సొంత రాబడి తగ్గుతూ పోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే గమనించవలసిన విషయం.

లోకల్ ఫండ్ కాలం

మద్రాసు ప్రెసిడెన్సీలో రోడ్ల కోసం భూమిపై ప్రత్యేక సెస్సు వేసే చట్టం 1866లో వచ్చింది. 1870లో వైస్రాయి మేయో కొన్ని శాఖల ఖర్చును రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించాడు. ఇచ్చిన సొమ్ము చాలకపోతే స్థానికంగా రాబట్టుకోవాలన్నది అందులోని అసలు ఉద్దేశం. మరుసటి ఏడాదే, 1871లో, మద్రాసు లోకల్ ఫండ్స్ చట్టం వచ్చింది. భూమి కౌలు విలువలో రూపాయికి ఒక అణా మించకుండా సెస్సు వేయవచ్చు. జమీందారీ గ్రామాల్లో జమీందారు దాన్ని చెల్లించి, సగం రైతు దగ్గర వసూలు చేసుకునేవాడు. ఆ సొమ్మును ఖర్చు చేసే బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరు, సభ్యులు ప్రభుత్వం నియమించినవారు. సెస్సు కట్టే రైతుకు బోర్డు సమావేశంలో నోరు లేదు.

1882 మే 18న వెలువడిన వైస్రాయి రిపన్ తీర్మానం ఈ లోటును ఒప్పుకుంది. స్థానిక సంస్థలు ప్రజలకు రాజకీయ శిక్షణ ఇవ్వాలని, వీలైనచోట అధ్యక్షులు అనధికారులే కావాలని అది కోరింది. దాన్ననుసరించి వచ్చిన 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ పంచాయతీ అనే మూడు అంచెలు ఏర్పరచింది. ఆచరణలో కలెక్టరు పెత్తనం మరో తరం దాకా సాగింది.

అయినా ఆ బోర్డులు చేసిన పనిని తక్కువగా చూడడం న్యాయం కాదు. మెటల్ రోడ్లు, దారి పక్క చెట్లు, రేవులు, సత్రాలు, ప్రయాణికుల బంగళాలు, హైస్కూళ్లు, ఆసుపత్రులు వాటి అజెండాలో ఉండేవి. కొన్ని బోర్డులు రైలు మార్గాలకూ పెట్టుబడి పెట్టాయి. తంజావూరు జిల్లా బోర్డు ఇందుకు దారి చూపింది. బెజవాడ నుంచి మచిలీపట్నానికి 1908లో తెరిచిన లైను కృష్ణా జిల్లా బోర్డుది, తెనాలి నుంచి రేపల్లెకు 1916లో నడిచిన లైను గుంటూరు జిల్లా బోర్డుది. రైళ్లను నడిపింది రైల్వే కంపెనీ, సొమ్ము మాత్రం బోర్డుది. ఒక జిల్లా సంస్థ తన రాబడిని నమ్ముకుని రైలు మార్గం వేయించుకోగలిగిందంటే, స్థానిక సెస్సుకు ఉన్న బలం అర్థమవుతుంది.

ఎన్నికైన బోర్డులు

మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో స్థానిక స్వపరిపాలన శాఖ ప్రజలకు జవాబుదారీ అయిన మంత్రికి దక్కింది. మద్రాసులో ఆ శాఖను జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా చాలా కాలం నిర్వహించాడు. 1920 చట్టం బోర్డుల్లో ఎన్నికైన సభ్యులకు మెజారిటీ ఇచ్చింది. బోర్డు అధ్యక్ష పదవి జిల్లా రాజకీయాలకు కేంద్రమైంది. కాంట్రాక్టులు, టీచర్ల నియామకాలు, బదిలీలు అధ్యక్షుడి చేతుల్లో ఉండడంతో పక్షపాతం గురించిన ఆరోపణలూ పెరిగాయి. 1934లో తాలూకా బోర్డులను రద్దు చేయడంతో వాటి పనులు కూడా జిల్లా బోర్డులకే వచ్చాయి. నిజాం రాజ్యంలోనూ జిల్లా బోర్డులు ఉండేవి. వాటిలో అధికారుల మాటే చెల్లేది.

1959 మార్పు

సమాజ వికాస పథకంలో ప్రజలు పాలుపంచుకోవడం లేదని గుర్తించిన బల్వంత్‌రాయ్ మెహతా సంఘం 1957లో మూడంచెల పంచాయతీరాజ్‌ను సూచించింది. రాజస్థాన్ 1959 అక్టోబరు 2న ప్రారంభించగా, ఆంధ్రప్రదేశ్ నవంబరు 1న అమలు చేసింది. అప్పటికి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. ప్రాథమిక పాఠశాలలు మధ్య అంచె అయిన పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు వెళ్లాయి. ఊళ్లలో నేటికీ వినబడే ‘జడ్పీ హైస్కూలు’ ఆ పంపకం నుంచి వచ్చినదే.

జిల్లా పరిషత్తుకు ప్రజలు నేరుగా ఓటు వేయలేదు. సమితి అధ్యక్షులు, శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు అందులో కూర్చునేవారు. ఆంధ్రప్రదేశ్‌లో మరో విశేషం, పరిషత్తు స్థాయీ సంఘాలన్నిటికీ కలెక్టరే అధ్యక్షుడు. చైర్మన్ ఎన్నికైనవాడైనా, పద్దుల మీద చర్చ జరిగే గదిలో పెద్ద కుర్చీ అధికారిది. అయినా చైర్మన్ పదవి రాజకీయాల్లో పైకి ఎదగడానికి మెట్టుగా ఉపయోగపడింది: ఖమ్మం జిల్లా పరిషత్తు చైర్మన్‌గా పనిచేసిన జలగం వెంగళరావు తరవాత ముఖ్యమంత్రి అయ్యాడు. 1970 తరవాత ఎన్నికలు మళ్లీ 1981లో గానీ జరగలేదు.

మండలాల తరవాత

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986 చట్టంతో సమితులను రద్దు చేసి, 1,104 మండలాలకు మండల ప్రజా పరిషత్తులను పెట్టింది. 1987లో జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. అదే చట్టం మంత్రి అధ్యక్షతన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలిని కూడా ఏర్పరచింది. జిల్లా అంతా ఓటు వేసి గెలిపించిన అధ్యక్షుడి పక్కనే మంత్రిని కూర్చోబెట్టడం ఆ సంస్కరణకు పెద్ద బలహీనత.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మండలానికొక జడ్పీటీసీ (జిల్లా పరిషత్తు ప్రాదేశిక నియోజకవర్గం) సభ్యుడు నేరుగా ఎన్నికవుతాడు, చైర్‌పర్సన్‌ను ఆ సభ్యులు ఎన్నుకుంటారు. ప్రణాళిక–ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య–వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు అనే ఏడు స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. మహిళలకు మొదట మూడో వంతు, తరవాత సగం స్థానాలు రిజర్వ్ అయ్యాయి. 1995, 2001, 2006లో ఎన్నికలు జరిగాయి. 2011లో గడువు తీరాక 2014 దాకా ప్రత్యేకాధికారుల పాలనే సాగింది.

పన్నులు, అధికారాలు ఏ మేరకు బదలాయించాలో రాజ్యాంగం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదిలింది. అందుకే నేటి పరిషత్తు సర్వసభ్య సమావేశంలో సభ్యుల ప్రశ్నలు ఎక్కువగా నిధుల విడుదల చుట్టూ తిరుగుతాయి. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణ 2018లో కొత్త చట్టం చేసుకుని, 2019లో 32 జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిపింది. పూర్తిగా నగరమైన హైదరాబాదు జిల్లాకు పరిషత్తు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో జడ్పీటీసీ పోలింగ్ 2021 ఏప్రిల్‌లో జరిగినా, కోర్టు వ్యాజ్యాల వల్ల ఓట్ల లెక్కింపు సెప్టెంబరు దాకా ఆగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు, ఎన్నికైన పరిషత్తులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల పరిధిలోనే కొనసాగాయి.